ఎల్వీనా, కోచా, హైడిజైనా? లోపల చూసి చెప్తున్నా

ఏటా మే నెలలో ఒకసారి, నవంబరులో ఒకసారి ఈ ప్రశ్న నాకు తప్పదు. డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో పిల్లలు బయల్దేరే ముందు "ఏం తేవాలె?" అని ఫోన్ చేస్తారు కదా, సరిగ్గా ఆ వారంలో. ఒకప్పుడు విటమిన్ గోలీలు, బాదం పప్పు తెమ్మన్నవాళ్ళు ఇప్పుడు పేరున్న కంపెనీల హ్యాండ్‌బ్యాగులు తెమ్మంటున్నారు. "మేడం, కోచ్ తెప్పించుకోనా? ఇంకొన్ని రోజులు ఆగి ఎల్వీ, అదే లూయీ వీటాన్, కొనుక్కోనా? ఇవేమీ కాదని మన హైడిజైన్‌తో సరిపెట్టుకోనా?" స్టాఫ్ రూంలో నలుగురు అడిగారు, సుబేదారిలో మా అపార్ట్‌మెంట్‌లో ఇద్దరు అడిగారు, చివరికి మా చిన్నమ్మ కూడా అడిగింది. ఆమెకి బ్యాగు దేనికో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

నన్నే ఎందుకు అడుగుతారంటే, పోయిన దసరాకి ఏరియర్స్ డబ్బులు చేతికొస్తే రెండు నెలలు నేను ఇదే పనిగా పెట్టుకున్నాను. చుట్టాల ఇళ్ళలో కనిపించిన ప్రతి బ్యాగునీ తిప్పి చూశాను, లోపల చెయ్యి పెట్టి చూశాను. మా ఆయన "పేపర్లు దిద్దినట్టు దిద్దుతున్నావు" అన్నాడు. నిజమే. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఒకేసారి రాస్తున్నాను.

ముందు ఎల్వీ. లూయీ వీటాన్ పదమూడేళ్ళ వయసులో ఊరు వదిలి, కాలినడకన పారిస్ చేరి, పెట్టెలు చేసి సామాన్లు సర్దే పనిలో కుదిరాడు. 1854లో సొంత కొట్టు పెట్టాడు. అప్పటి ప్రయాణం పెట్టెలకి వాన నీళ్ళు జారిపోయేలా పైన గుండ్రటి మూత ఉండేది. రైళ్ళలో, ఓడల్లో పెట్టెల్ని ఒకదాని మీద ఒకటి పేర్చాల్సి వచ్చేసరికి ఆయన మూతని చదునుగా చేసి, పైన తడవని గుడ్డ తొడిగాడు. ఆయన పేరు నిలబెట్టింది ఆ గుడ్డే. వాళ్ళబ్బాయి జార్జ్ 1896లో అక్షరాలూ పువ్వులూ కలిపిన మోనోగ్రామ్ తెచ్చాడు, కాపీ కొట్టేవాళ్ళ బెడద తప్పించుకోవడానికి. ఆ పువ్వులే ఇవ్వాళ వరంగల్ చౌరస్తాలో నాలుగైదు వందలకి దొరికే ప్రతి సంచి మీదా ఉన్నాయి.

చాలామందికి తెలియని సంగతి ఒకటి చెప్పాలి. ఆ గోధుమరంగు మోనోగ్రామ్ బ్యాగు ఒంటి భాగం తోలు కాదు. నూలు గుడ్డ మీద ప్లాస్టిక్ పూత. పిడులు, పట్టీలు, అంచులు మాత్రమే తోలు. ఇది చెప్పగానే స్టాఫ్ రూంలో "లక్ష దాటి పెట్టి కొంటే తోలు కూడా కాదా?" అని ఒకావిడ ఫోన్‌లో గూగుల్ తీసింది. మోసం ఏమీ లేదు, వాళ్ళు దాచిపెట్టిందీ లేదు. పూత ఉన్న గుడ్డ తేలిక, వానకి జంకదు, గీతలు త్వరగా పడవు. పైగా అందులో నాకు నచ్చిన గుణం, రూపం మారకపోవడం. వాళ్ళ బ్యాగుల్లో స్పీడీ, కీపాల్ అనే మోడళ్ళు 1930 నాటివి. నోయె 1932లో ఐదు షాంపేన్ సీసాలు పట్టేలా చేసిన సంచి. మనింట్లో ఐదు ఆవకాయ సీసాలు పడతాయేమో. అమ్మమ్మ కాలం నాటి బ్యాగుని మనవరాలు వేసుకున్నా పాతబడ్డట్టు కనపడదు. ఫ్యాషన్ పోయిందన్న భయం లేదు, డిస్కౌంట్ సేల్ వచ్చి పక్కింటావిడకి సగం ధరకి దొరుకుతుందన్న బాధా లేదు, ఎందుకంటే వాళ్ళు సేల్ పెట్టరు. నూట డెబ్బై ఏళ్ళ మోజు ఊరికే నిలబడలేదని ఒప్పుకోవాలి.

కానీ మన ఊళ్ళో దాని కష్టం వేరు. మా తోడికోడలుకి కొడుకు తెచ్చిన అసలైన స్పీడీ ఉంది. హంటర్ రోడ్డులో ఒక ఫంక్షన్ హాల్లో పెళ్ళికి వేసుకొస్తే, ఎవరో పెద్దావిడ ముచ్చటగా పట్టుకుని చూసి "బేగంబజార్ల కొన్నవా? మంచిగున్నది, ఎంతకిచ్చిండు?" అంది. మా తోడికోడలు ఆ రోజు బంతిలో పప్పు కూడా సరిగ్గా కలుపుకోలేదు.

కోచ్ కథ ఇంకోలా ఉంటుంది. 1941లో న్యూయార్క్‌లో ఆరుగురు పనివాళ్ళతో మొదలైన చిన్న కార్ఖానా. బేస్‌బాల్ ఆడేవాళ్ళ చేతి తొడుగు వాడేకొద్దీ మెత్తబడి నిగనిగలాడటం చూసి, అలాంటి తోలుతో బ్యాగు చేద్దామనుకున్నారు. 1960ల్లో బానీ కాషిన్ అనే డిజైనర్ వచ్చి, తిప్పితే తెరుచుకునే ఆ ఇత్తడి గడియ పెట్టింది. కారు టాపుకి ఉండే గడియ చూసి తట్టిన ఊహ అది. పాత కోచ్ బ్యాగులు చాలావాటికి లోపల అస్తరు కూడా ఉండదు, మందపాటి తోలు ఒక్కటే. అలాంటి పాతది దొరికితే కళ్ళు మూసుకుని తెచ్చుకోండి. అమెరికాలో వాడిన వస్తువులు అమ్మే దుకాణాల్లో ఇప్పటికీ దొరుకుతాయి. మనవాళ్ళకి "ఎవరో వాడిందా!" అన్న పట్టింపు. పిల్లలు కొత్తదే తెస్తారు, అదీ కంపెనీ తక్కువ ధరకి అమ్మే ఔట్‌లెట్ దుకాణం నుంచి తెస్తారు. కోచ్ ఔట్‌లెట్‌లో దొరికేవి చాలావరకు ఆ ఔట్‌లెట్ కోసమే విడిగా తయారైనవి. పెద్ద షాపులో మిగిలిపోయి ఇక్కడికి వచ్చాయనుకుని మురిసిపోవద్దు. ధరకి తగ్గ వస్తువే. మా మేనకోడలు నాకు తెచ్చింది కూడా అలాంటిదే, ఎర్రది, గరుకు అచ్చు వేసిన తోలు. గీత పడదు, తుడిస్తే పోతుంది. రోజూ బస్సెక్కే వాళ్ళకి బాగుంటుంది.

ఇక్కడిదాకా చదివినవాళ్ళు ఏది మేలో చెప్పమంటారు. నేను కూడా ఇక్కడే ఆగిపోయి నెల రోజులు కొట్టుకున్నాను. అందం చూస్తే ఎల్వీ, చేతికి అందే ధర చూస్తే కోచ్. తేల్చింది మాత్రం బస్టాండ్ దగ్గర చెట్టు కింద చెప్పులు కుట్టే కాకా.

మా నాన్న కాజీపేటలో రైల్వేలో పనిచేశాడు. డ్యూటీకి పట్టుకెళ్ళే ఆయన తోలు బ్యాగు మీద ఏ పేరూ ఉండదు. నేను బడికెళ్ళే రోజుల నుంచి చూస్తున్నాను. నాన్న పోయాక నేను వాడటం మొదలుపెట్టాను. ఇంటర్ స్పాట్ వాల్యుయేషన్‌కి టిఫిన్ డబ్బా, నీళ్ళ సీసా, గొడుగు, పుస్తకాలు కుక్కి మోసేది అందులోనే. పిడి ఊడితే కాకా రెండుసార్లు కుట్టాడు, రెండుసార్లూ అదే రంధ్రాల్లోంచి. అదే సమయంలో, పేరెందుకు గానీ ఒక మాల్‌లో నాలుగు వేలు పెట్టి కొన్న బ్యాగు మూడో ఎండాకాలానికి చేప పొలుసుల్లా రాలిపోయింది. దాన్ని తీసుకెళ్తే కాకా ముట్టుకోలేదు. "గిది తోలు గాదు బిడ్డా, పొర. ఊడినంక ఎవరేం జేస్తరు" అన్నాడు.

అందుకే ఈసారి కొనకముందే అడుగుదామనుకున్నాను. మా తోడికోడలు స్పీడీ ("చూపించి తీసుకురా అక్కా, సూది మాత్రం పెట్టనియ్యకు"), మా మేనకోడలు కోచ్, మా కొలీగ్ హైడిజైన్, నాన్న బ్యాగు, నాలుగూ ఒక చీర కవర్లో వేసుకుని వెళ్ళాను. కాకా చేతులు తుడుచుకుని ఒక్కోటి తీసుకున్నాడు. పైన పేరు చూడలేదు. నాలుగింటినీ తెరిచి లోపల చూశాడు, తర్వాత పిడి మొదట్లో బొటనవేలుతో నొక్కాడు.

స్పీడీ పట్టుకుని చాలాసేపు చూశాడు. "కుట్టు సక్కగున్నది. లెక్కవెట్టి కుట్టినట్టున్నది" అన్నాడు. ఒంటి భాగం మీద గోరుతో తట్టి, "ఇది గుడ్డ మీద పూత. పిడి మాత్రం అసలు తోలు. పిడి పోతే ఏస్త, ఇది పగిలితే నాతోని గాదు." కోచ్ చూసి, "మంచిగున్నది. గని అంచు మడిచి అంటువెట్టి లోపల అస్తరేసిన్రు. అస్తరు ఇప్పందే సూది పోదు." హైడిజైన్ చూసి పట్టీని మడిచి వాసన చూశాడు. నాన్న బ్యాగుని మాత్రం చూడకుండానే పక్కన పెట్టాడు, తన చేతి పనే కదా.

"కుట్టు ఊడితే కుడ్త. అంటు ఊడితే అంటిస్త. తోలు ఎండితే నూనె వెడ్త. పొర ఊడితే పారెయ్యాలె, గంతే." ఆయన చెప్పిన ఈ నాలుగు ముక్కల కంటే మంచి కొలత నాకు ఎక్కడా దొరకలేదు.

బ్రాండ్ వాళ్ళే బాగుచేస్తారు కదా అంటారు. చేస్తారు. ఎల్వీ వాళ్ళు పిడులు మారుస్తారు, జిప్పు మారుస్తారు, డబ్బులు తీసుకుని చక్కగా చేస్తారు. ఈ పాత కంపెనీల మీద మోజు తగ్గకపోవడానికి అది పెద్ద కారణం, అమ్మిన వస్తువుని వదిలేయరు. కానీ ఆ బ్యాగుని బెంగళూరో ముంబైయో ఢిల్లీయో చేర్చాలి. ఈలోపు బయట ఎవరైనా సూది పెట్టారంటే వాళ్ళు "మేం ముట్టుకోం" అనే అవకాశం ఎక్కువ. అంటే మా కాకా చెయ్యి పడిందంటే అక్కడ తలుపు మూసినట్టే. హన్మకొండలో ఉండేవాళ్ళకి ఇది చిన్న సంగతి కాదు.

ఈ కుట్టు సంగతి చదువుతుంటేనే ఎర్మెస్ అనే ఇంకో ఫ్రెంచి కంపెనీ కథ దగ్గరికి వెళ్ళాను. మనం కొనేది కాదు, కొనాలన్నా అడగ్గానే ఇచ్చేది కాదు. నటి, గాయని జేన్ బర్కిన్ కోసం చేసిన మొట్టమొదటి బర్కిన్ బ్యాగు 2025 జులైలో పారిస్ వేలంలో 85 లక్షల యూరోలు దాటింది, మన లెక్కలో 85 కోట్ల పైన. అది పక్కన పెట్టండి. వాళ్ళు మొదలుపెట్టిన పని చూడండి: 1837లో థియెరీ ఎర్మెస్ పెట్టింది గుర్రాలకి పట్టీలు, కళ్ళేలు కుట్టే కార్ఖానా. వాళ్ళ మొదటి సంచి గుర్రపు జీను, బూట్లు మోయడానికి చేసింది. గుర్రపు పట్టీ నడిదారిలో తెగితే బండి బోల్తా పడుతుంది కాబట్టి, మైనం పట్టించిన ఒకే దారానికి రెండు చివర్లా రెండు సూదులు ఎక్కించి, ఒకే రంధ్రంలోంచి అటూ ఇటూ దూర్చి కుడతారు. ఒక వైపు తెగినా రెండో వైపు పట్టి ఉంచుతుంది. మిషన్ కుట్టుకి ఆ గుణం లేదు, ఒక చోట తెగితే వరసగా విడిపోతూ పోతుంది. కార్లు వచ్చి గుర్రాలు పోయాక అదే కుట్టుని బ్యాగులకి మళ్ళించారు. కారు టాపుకి వాడే జిప్పు చూసి దాన్ని ఫ్రాన్స్‌కి తెచ్చింది కూడా ఆ ఇంటివాళ్ళే. ఇప్పటికీ ఒక బ్యాగుని మొదటి నుంచి చివరి దాకా ఒకే మనిషి కుడతాడు, లోపల తన గుర్తు వేస్తాడు.

ఇది కాకాకి చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు. "మా నాయిన మోట తొండం గట్లనే కుట్టేది. నీళ్ళతోని నిండినంక ఎంత బరువుంటదో ఎరికేనా? ఒక్క దారం మీద ఆగుతదా?" అన్నాడు.

నేను బస్సులో వస్తూ అదే ఆలోచించాను. వాళ్ళకి గుర్రాలు పోయాయి, మనకి ఎద్దులతో బావి నీళ్ళు తోడే మోట, దాని తోలు తొండం పోయాయి. బావుల మీద కరెంటు మోటార్లు వచ్చాక తొండం ఎవరికీ అక్కర్లేదు. అక్కడ గుర్రపు పట్టీ కుట్టిన చేతికి బ్యాగు దొరికింది, దాంతో పేరూ దొరికింది. ఇక్కడ తొండం కుట్టిన చేతికి తెగిన చెప్పులు దొరికాయి. పని తేడా కాదు. పచ్చి తోళ్ళు నానబెట్టే లంద దగ్గర పనిచేసేవాళ్ళని మనం ఊరి చివర ఉంచాం, వాళ్ళ కుట్టు మీద పేరు వెయ్యడం ఎవరికీ తోచలేదు. సరే, ఇది బ్యాగుల వ్యాసం.

తోలు గురించి ఒక మాట చెప్తే నేను ఏది కొన్నానో మీకే తెలిసిపోతుంది. ప్రపంచంలో ఇప్పుడు దొరికే తోలులో ఎక్కువ భాగం క్రోమ్ ఉప్పుతో ఊనినది, అంటే పచ్చి చర్మాన్ని కుళ్ళకుండా పదును చేసినది. ఒకట్రెండు రోజుల్లో అయిపోతుంది, మెత్తగా ఉంటుంది, నీళ్ళకి తట్టుకుంటుంది, కొన్న రోజు రంగే పదేళ్ళ తర్వాతా ఉంటుంది. పాత పద్ధతి చెట్టు బెరడుతో ఊనడం, దానికి వారాలు, నెలలు పడుతుంది. మన దక్షిణాదిలో ఆ పనికి వాడింది తంగేడు చెక్క, కరక్కాయ. అవును, ఆ తంగేడే. పువ్వు బతుకమ్మకి, బెరడు లందకి. ఇంగ్లీషులో దాని పేరు కూడా తోళ్ళు ఊనేవాళ్ళ చెట్టు అనే అర్థంలోనే ఉంటుంది. పద్మాక్షి గుట్ట దగ్గర ఏటా తంగేడు పువ్వుల్ని నీళ్ళలో వదులుతూ కూడా నాకీ సంగతి తెలియదు, కాకా చెప్పేదాకా.

బెరడుతో ఊనిన తోలు మొదట్లో బిరుసుగా, పాలిపోయినట్టు ఉంటుంది. చేతి జిడ్డు, ఎండ తగిలేకొద్దీ తేనె రంగు తిరిగి, ఆ తర్వాత బెల్లం రంగుకి వస్తుంది. స్పీడీ పిడులు కూడా ఈ రకం తోలే. మా తోడికోడలు వాటికి చెయ్యి తగలకుండా కర్చీఫ్ చుడుతుంది, పాపం, ఆ రంగు రావడానికే డబ్బు పెట్టింది ఆమె. ఎర్మెస్‌లో కూడా అన్నీ ఈ రకం కావు. ఈ తోలుకి నీటి చుక్క పడితే మచ్చ పడుతుంది, పట్టించుకోకపోతే ఎండకి ఎండి బీటలు వారుతుంది. కానీ నూనె తాగుతుంది, సూదిని తీసుకుంటుంది, కుట్టు విప్పి మళ్ళీ కుడితే గాయం కనపడదు. నాన్న బ్యాగు అందుకే ఇన్నేళ్ళు నిలిచింది.

ఇక నేను కొన్నది హైడిజైన్. 1978లో పుదుచ్చేరిలో దిలీప్ కపూర్ మొదలుపెట్టిన కంపెనీ, బెరడు తోలు మీదే పేరు తెచ్చుకుంది. 2007లో లూయీ వీటాన్ గ్రూపు అందులో పెట్టుబడి పెట్టిందని చెప్తే మా తోడికోడలు ముఖం చూడాలి. నేను హైదరాబాద్ వెళ్ళినప్పుడు షాపులో నాలుగు తెరిపించి లోపల చూశాను. అస్తరు ఒక వైపు వదులుగా ఉండి చెయ్యి దూరేలా ఉన్నది, పట్టీకి ఇత్తడి కట్టు ఉన్నది, కుట్టు బయటికి కనపడేది తీసుకున్నాను. పన్నెండు వేల లోపు అయింది. లోపాలు లేవా? ఉన్నాయి. బరువెక్కువ, ఖాళీ బ్యాగే ఒక టిఫిన్ డబ్బా అంత తూగుతుంది. ఫంక్షన్‌లో ఎవరూ గుర్తుపట్టరు, గుర్తుపట్టాలని ఉన్నవాళ్ళు నా మాట వినొద్దు. వాళ్ళ బ్యాగులన్నీ ఈ రకం తోలు కావు, అడిగి తీసుకోవాలి. ఎల్వీలో ఉండే ఆ ఒక్క అంగుళం కూడా తేడా రాని పనితనం ఇందులో వెతకొద్దు. స్పీడీ పిడి కుట్టు నేను ఇప్పటికీ అప్పుడప్పుడు అడిగి తీసుకుని చూస్తాను. అంత మెచ్చుకునీ కొనలేదేమంటే, అది పాడైతే నేను ఎవరి దగ్గరికి వెళ్ళాలో నాకు తెలియదు.

మిగతావి త్వరగా. ఫస్ట్ కాపీ: వద్దు. అది కాపీ అని మీకు తెలుసు, అందరికీ తెలుసు, ఇంకెందుకు. వీగన్ లెదర్ అని రాసి ఉంటే చాలావరకు పాలియురేథేన్ అనే ప్లాస్టిక్కే, మన 44 డిగ్రీల ఎండకీ ఆగస్టు తేమకీ పొర లేస్తుంది. 'జెన్యూన్ లెదర్' అన్న ముద్ర చూసి సంబరపడకండి, తోలు పై పొర కాకుండా లోపలి చీలిక మీద రంగు వేసినా ఆ ముద్ర వెయ్యొచ్చు. సెకండ్ హ్యాండ్ ఎల్వీ ఆన్‌లైన్లో: అసలుదో కాదో తేల్చగలిగినవాళ్ళకే. "ఆ లక్షన్నరకి బంగారం కొనుక్కోరాదా" అనేవాళ్ళకి నా దగ్గర జవాబు లేదు, అది నిజమే. అర్ధరాత్రి ఆసుపత్రి అవసరం పడితే స్పీడీని కుదువ పెట్టుకునే మార్వాడీ వరంగల్‌లో ఇంకా రాలేదు.

ఇన్ని చెప్పినా ఒక సందర్భంలో మాత్రం ఎల్వీనే కొనమంటాను. ప్రయాణాలు ఎక్కువ ఉండి, బెంగళూరుకో ముంబైకో పోయి వచ్చే పని ఉండి, ఒక్క బ్యాగే జన్మంతా మార్చకుండా వాడే మనిషైతే దానికి సాటి లేదు. కోచ్ అయితే పిల్లలు ప్రేమగా తెస్తే వద్దనకండి, మీరుగా మాత్రం జాబితాలో రాయకండి.

రంగు ఏది తీసుకోవాలని నిన్న కూడా ఒకావిడ అడిగింది. లేత గోధుమ రంగు, నలుపు వద్దు. నల్లరంగు కింద తోలు ఎలాంటిదో కనపడదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ప్లాస్టిక్ కవర్లో కట్టి బీరువాలో దాచకండి, బూజు పడుతుంది. పాత నూలు దిండు గలేబులో వేసి, లోపల న్యూస్ పేపర్ కుక్కకుండా పాత నూలు చీర ముక్క పెట్టండి, పేపర్ సిరా అస్తరుకి అంటుతుంది. నెలకోసారి పొడిగుడ్డతో తుడిస్తే చాలు. కొబ్బరినూనె రాయొచ్చా అని కాకాని అడిగితే, "తలకి రాసుకో బిడ్డా" అన్నాడు.